కార్డు విరిచేస్తే చెల్లు రాసినట్లు కాదు

అప్పు తీర్చిన మనిషి ప్రాంసరీ నోటు చేతికి తీసుకోకుండా షావుకారు గడప దిగడం పల్లెటూళ్లలో కనిపించదు. అసలు, వడ్డీ లెక్కగట్టి చెల్లించాక నోటు వెనుక చెల్లు రాయించుకుని, నలుగురి ముందు దాన్ని చించి పారేస్తే గాని ఇంటికి వచ్చి అన్నం తినడు. చదువురాని వారికి కూడా తెలిసిన జాగ్రత్త ఇది. అదే మనిషి, బ్యాంకు వారిచ్చిన క్రెడిట్ కార్డు వద్దనుకున్న రోజున మాత్రం దాన్ని కత్తెరతో రెండు ముక్కలు చేసి పెంటదిబ్బ మీద పారేసి, పీడ విరగడైందని అనుకుంటున్నాడు. నోటు ఇంకా బ్యాంకు పెట్టెలోనే ఉందన్న సంగతి ఆయనకు తోచడం లేదు.

క్రెడిట్ కార్డు పట్నంలో ఉద్యోగస్తుల జేబులో ఉండే వస్తువు అన్న రోజులు పోయాయి. హైదరాబాదులో పనిచేసే కొడుకు తీసుకున్నది ఒకటి, ఫిక్సెడ్ డిపాజిట్ వేసినప్పుడు బ్యాంకు వారు అంటగట్టినది ఒకటి, ఫ్రిజ్ కొనబోతే దుకాణంలో అప్పటికప్పుడు ఇప్పించినది ఒకటి... ఇలా కొన్ని ఇళ్లలో రెండు మూడు తేలుతున్నాయి. 2022 నుంచి రూపే క్రెడిట్ కార్డును ఫోన్‌లోని యు.పి.ఐ.కి జతచేసుకునే వీలు కలిగింది. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు తోలుకెళ్లిన రైతు టీ కొట్టు దగ్గర ఫోనుతో కట్టే పది రూపాయలు కూడా అప్పు పద్దులోకి వెళ్లే రోజులివి.

కార్డు తెచ్చుకున్నంత తేలిక కాదు వదిలించుకోవడం. ఏడాది తిరిగేసరికి ఫీజు పడుతుంది. పండుగకు ఖర్చయినది తీర్చలేక ఇంట్లో గొడవ మొదలవుతుంది. ఇక ఈ కార్డు వద్దనుకోవడంలో తప్పేమీ లేదు. వద్దనుకునే పద్ధతి ఏమిటో, దానివల్ల రేపటి అప్పుకు లాభమో నష్టమో చెప్పేవారు లేకపోవడమే తప్పు. కార్డు ఇచ్చేందుకు ఇంటికి వచ్చిన కుర్రవాడు, దాన్ని రద్దు చేసుకునే రోజున ఫోను ఎత్తడు. ఫలితం ట్రాక్టరు అప్పుకో, ఇంటి అప్పుకో, పిల్లల చదువు అప్పుకో బ్యాంకుకు వెళ్లిన రోజున బయటపడుతోంది.

షావుకారు జ్ఞాపకం

పూర్వం ఊళ్లో ఎవరికి అప్పు పుడుతుందో, ఎవరికి పుట్టదో షావుకారు జ్ఞాపకం తేల్చేది. ఎవరు కళ్లం దగ్గరే లెక్క తీర్చారు, ఎవరు పంట అమ్ముకుని మొహం చాటేశారు అన్నది ఆయన మనసులో ఉండేది. ఇప్పుడు ఆ జ్ఞాపకం కంప్యూటరుకు ఎక్కింది. పల్లెల్లో అందరూ సిబిల్ అని పిలిచే సంస్థ 2000లో ఏర్పడింది. 2005లో పార్లమెంటు ఈ సంస్థల కోసం ప్రత్యేక చట్టం చేసింది. ప్రస్తుతం ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ అని నాలుగు సంస్థలు దేశంలో పనిచేస్తున్నాయి. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు తమ వద్ద అప్పు తీసుకున్న వారి వివరాలు వీటికి పంపుతాయి. 2025 జనవరి 1 నుంచి ఇవి కనీసం పదిహేను రోజులకోసారి వెళ్లాలని రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. వాటిని బట్టి మనిషికి 300 నుంచి 900 మధ్య మార్కులు పడతాయి. 750 దాటితే బ్యాంకు మేనేజరు ముఖంలో సాధారణంగా చిరునవ్వు కనిపిస్తుంది.

ఎన్నడూ అప్పు తీసుకోని వారికి అసలు మార్కులే ఉండవు. స్కోరు లేదన్న ఒక్క కారణంతో మొదటిసారి అప్పు అడిగేవారి దరఖాస్తును తోసిపుచ్చరాదని 2025 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటులో స్పష్టం చేసింది. ఈ మాట చాలా శాఖల గుమ్మం దాటి లోపలికి వెళ్లినట్లు లేదు. అప్పు ఎరుగని పెద్దమనిషిని అనుమానంగా చూడడం, నాలుగు కార్డులు తిప్పేవాడికి కుర్చీ వేయడం వింతగానే ఉంది.

ఈ మార్కుల్లో పెద్ద వాటా గడువుకు చెల్లించారా లేదా అన్నదానిదే. ఆ తరువాత ఇచ్చిన పరిమితిలో ఎంత వాడుకున్నారు, ఎన్నేళ్లుగా అప్పు లావాదేవీలు ఉన్నాయి, ఏ రకం అప్పులు, ఈమధ్య ఎన్ని చోట్ల అప్పు అడిగారు అన్నవి చూస్తారు. దేనికి సరిగ్గా ఎన్ని మార్కులో సంస్థలు బయటపెట్టవు. ఏ ప్రశ్నకు ఎన్ని మార్కులో చెప్పకుండా పరీక్ష పెట్టడం ఎక్కడి న్యాయమో పెద్దలే చెప్పాలి.

రూపాయి పెరగకుండానే బరువు

పాత కార్డు మూసేస్తే స్కోరు పడిపోతుందని కొందరు భయపెడుతున్నారు. మూసేస్తే పాత పద్దు మొత్తం చెరిగిపోతుందని మరికొందరు సంతోషపడుతున్నారు. రెండూ సగం సగం తెలిసిన మాటలే.

ముందు మొదటిది చూద్దాం. ఒక రైతుకు రెండు కార్డులు ఉన్నాయనుకుందాం. పదేళ్ల కిందటి పాత కార్డు పరిమితి 60 వేలు. రెండేళ్ల కిందటి కొత్త కార్డు పరిమితి 40 వేలు. రెండూ కలిపి లక్ష. ఇంట్లో ఆపరేషను ఖర్చుకు కొత్త కార్డు మీద 24 వేలు వాడారు. లక్షలో 24 వేలు అంటే నూటికి 24 వంతులు. ముప్పై వంతులకు లోపు ఉంటే మంచిదని ఈ రంగంలోని వారు చెబుతుంటారు గనుక ఇబ్బంది లేదు. ఇంతలో పాత కార్డు ఎందుకులే అని మూసేశారు. ఇప్పుడు పరిమితి 40 వేలే. వాడుకున్నది అదే 24 వేలు. కానీ నూటికి 60 వంతులైంది. అప్పు ఒక్క రూపాయి పెరగలేదు. కంప్యూటరు కంటికి మాత్రం ఆ మనిషి పీకలోతు అప్పులో ఉన్నట్లు కనిపిస్తాడు. బండి మీద బస్తాలు అవే, ఒక ఎద్దును విప్పేశారు, అంతే.

అయితే ఇది చిరకాలం ఉండే మచ్చ కాదు. కొత్త కార్డు మీది 24 వేలు తీర్చేస్తే, ఆ వివరం బ్యాంకు నుంచి వెళ్లాక ఈ భారం తగ్గిపోతుంది. అందువల్ల ముందు ఉన్న బాకీలు దించుకుని ఆ తరువాత కార్డు మూయించుకోవడం తెలివైన పని. ఇంటి అప్పుకో, చదువు అప్పుకో రెండు మూడు నెలల్లో దరఖాస్తు పెట్టబోయేవారు ఆ పని పూర్తయ్యే వరకు పాత కార్డు జోలికి పోకపోవడం ఇంకా మంచిది.

వయసు సంగతి ఇంకొకటి. పదేళ్లుగా గడువు తప్పని పాత కార్డు, ఊళ్లో పదేళ్లుగా మాట తప్పని మనిషి లాంటిది. కార్డు మూసినంత మాత్రాన ఆ పదేళ్ల మంచి పేరు మర్నాడే మాయం కాదు. అప్పుల వివరాలను ఈ సంస్థలు కనీసం 7 ఏళ్లు భద్రపరచాలన్నది నిబంధన. మూసిన ఖాతా 'క్లోజ్డ్' అన్న మాటతో నివేదికలో కొనసాగుతూనే ఉంటుంది. కానీ దానికి ఇక కొత్త నెలలు తోడుకావు. కొత్తగా నడుస్తున్న ఖాతాల వయసు తక్కువ గనుక, రానురాను ఆ తేడా తెలుస్తుంది. ఇదే లెక్క చెడు పద్దుకూ వర్తిస్తుంది. గడువు తప్పిన నెలలు కార్డు మూసినా నివేదికలో కనిపిస్తాయి. చెరిపేయడానికి కార్డు మూయడం పలక తుడవడం లాంటిది కాదు.

ఇంతకూ మూయాలా వద్దా? ఏటా ఫీజు లేనిది, అన్నిటికంటే పాతది, వాడినా వాడకపోయినా మెడకు చుట్టుకోనిది అయితే ఉంచుకోవడమే మేలు. ఏటా ఐదు వందలో వెయ్యో ఫీజు గుంజేది, చేతిలో ఉంటే దుకాణానికి లాక్కుపోయేది అయితే స్కోరు నాలుగు మార్కులు తగ్గినా సరే వదిలించుకోవలసిందే. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే గుండె గుభేలుమంటుంది. చాలా కార్డుల మీద తీర్చని బాకీకి నెలకు మూడు రూపాయలు, మూడున్నర, ఆపైన కూడా వడ్డీ పడుతోంది. ఆ వడ్డీ మీద జి.ఎస్.టి. నూటికి 18. పైగా బిల్లులో 'కనీస మొత్తం' అని చిన్న అంకె ఒకటి ఉంటుంది. అది కడితే గడువు తప్పినట్లు రాయరు గాని, మిగిలిన బాకీ మీద వడ్డీ పరుగు ఆగదు. స్కోరు చెడకూడదని ఇలాంటి కార్డును ఇంట్లో పెట్టుకోవడం, పేరు కోసం ఇల్లు తాకట్టు పెట్టడమే అవుతుంది. అప్పు కోసం మార్కులు గాని, మార్కుల కోసం అప్పు కాదు.

కత్తెర కాదు, కాగితం కావాలి

అసలు నష్టం మూయడం వల్ల కంటే, మూశామనుకుని మూయకపోవడం వల్ల ఎక్కువగా జరుగుతోంది. కార్డు కత్తిరించి పారేసినా ఖాతా బ్యాంకులో బతికే ఉంటుంది. ఏడాది ఫీజు 500 పడుతుంది. రీఛార్జి ఆఫరు కోసం సిమ్ము మార్చిన రైతుకు ఆ సందేశం అందదు. అందినా ఇంగ్లీషులో ఉంటుంది. గడువు దాటి మూడు రోజులు మించగానే బకాయిగా నివేదించే హక్కు, అదనపు రుసుము వేసే హక్కు బ్యాంకుకు వస్తుంది. ఆలస్య రుసుము, వడ్డీ, దాని మీద పన్ను కలిసి అయిదు వందలు వేలల్లోకి వెళుతుంది. నెల నెలా గడువు తప్పినట్లు పద్దు పడుతూనే ఉంటుంది.

నాలుగేళ్ల తరువాత కూతురికి ఇంజనీరింగులో సీటు వస్తుంది. చదువు అప్పుకు తండ్రిని కూడా సహ రుణగ్రహీతగా చేర్చుకుని బ్యాంకు ఆయన స్కోరు చూస్తుంది. జీవితంలో ఎవరికీ బాకీ ఎగ్గొట్టని మనిషి పేరు ఎదుట మొండి బాకీ అని ఉంటుంది. కౌన్సెలింగు గడువు వారం. దిద్దుబాటుకు నెల. ఈలోగా ఫీజుకు మళ్లీ ఊళ్లో వడ్డీ వ్యాపారి గడపే గతి. ఐదు వందల రూపాయల పద్దు ఆ ఆడపిల్ల చదువుకు అడ్డం పడడం ఎంత శోచనీయమో వేరే చెప్పనక్కరలేదు.

ఈ విషయంలో రిజర్వు బ్యాంకు నిబంధనలు వినియోగదారుని వైపే ఉన్నాయని చెప్పాలి. 2022 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన ఆదేశాల ప్రకారం, బాకీ అంతా చెల్లించి ఉంటే కార్డు మూయాలన్న విజ్ఞప్తిని బ్యాంకు 7 పనిదినాల్లో అమలు చేయాలి. చేయకపోతే, ఖాతాలో బాకీ లేని పక్షంలో, మూసే వరకు రోజుకు 500 రూపాయల చొప్పున ఖాతాదారుకు బ్యాంకే చెల్లించాలి. ఫోను, ఈమెయిలు, వెబ్‌సైటు, యాప్ వంటి పలు మార్గాలు కల్పించాలి. ఉత్తరం రాసి పోస్టులో పంపితేనే మూస్తామని పట్టుబట్టరాదు. మూసినట్లు ఖాతాదారుకు వెంటనే తెలియజేయాలి. 30 రోజుల్లోగా ఆ వివరం సిబిల్ వంటి సంస్థలకూ చేరాలి. కార్డులో ఎదురు జమ ఏమైనా ఉంటే అది ఖాతాదారు బ్యాంకు ఖాతాకు రావాలి.

కాగితం మీద ఇంత బాగున్న నిబంధన ఊళ్లోకి వచ్చేసరికి కుంటుతోంది. శాఖకు వెళితే కార్డుల వ్యవహారం మా చేతుల్లో లేదు, ఫలానా నంబరుకు ఫోను చేయమంటారు. ఆ నంబరులో ఒకటి నొక్కు, రెండు నొక్కు అని గొంతు వినిపిస్తుంది. చివరికి మనిషి పలికితే, ఎందుకు మూస్తారు, ఫీజు తీసేస్తాం, పరిమితి పెంచుతాం అని బతిమాలడం మొదలవుతుంది. మొహమాటపడి సరేనన్నవారి కార్డు అక్కడే ఉండిపోతుంది. మూయించుకోదలచినవారు ఇక్కడ గట్టిగా ఉండాలి. విజ్ఞప్తి నంబరు అడిగి రాసుకోవాలి. అంతకు ముందే ఆ కార్డు మీద నెల నెలా తనంతట తాను పోయే ఫోను బిల్లు, బీమా ప్రీమియం వంటివి వేరే ఖాతాకు మార్చుకోవాలి. లేకపోతే మూసే వారంలోనే మరో పద్దు పడి మళ్లీ బాకీ ఉందంటారు. బాకీ ఏమీ లేదని, ఖాతా మూశామని వచ్చిన ఉత్తరమో, ఈమెయిలో కాపీ తీసి భూమి పాసు పుస్తకం ఉన్న పెట్టెలోనే పెట్టుకోవాలి. అదే చెల్లు రాసిన నోటు.

నెలన్నర ఆగి నివేదిక తెప్పించుకుంటే పని జరిగిందో లేదో తెలిసిపోతుంది. నాలుగు సంస్థలూ ఏడాదికోసారి పూర్తి నివేదికను ఉచితంగా ఇవ్వాలని 2017 జనవరి నుంచి నిబంధన ఉంది. దీనికి డబ్బు తీసుకునే ఇంటర్నెట్ కేంద్రాల వారికి ఫోటోకాపీ ఖర్చు ఇస్తే చాలు. అందులో ఖాతా 'క్లోజ్డ్' అని, బాకీ సున్నా అని ఉండాలి. తప్పు ఉంటే ఫిర్యాదు చేసిన 30 రోజుల్లో దిద్దాలి. దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నియమం 2024 ఏప్రిల్ నుంచి అమలులో ఉంది. మార్కులు పెంచి పెడతాం, పాత పద్దు చెరిపేస్తాం అని వేలు అడిగే ఏజెంట్లు మండల కేంద్రాలకు కూడా దిగారు. నిజమైన పద్దును చెరపడం ఎవరి వల్లా కాదు. తప్పు పద్దును దిద్దించుకోవడానికి ఎవరికీ పైసా ఇవ్వనక్కరలేదు.

పాత కార్డు ఉంచుకోవాలనుకునేవారు దాన్ని బీరువాలో దాచి మరిచిపోయినా చిక్కే. ఏడాదికి మించి వాడని కార్డును, ముందుగా తెలియజేసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే బ్యాంకే మూసేయవచ్చు. ఆరు నెలలకోసారి వంటగ్యాసుకో, కరెంటు బిల్లుకో వాడి, బిల్లు రాగానే పూర్తిగా కట్టేస్తే కార్డు బతికి ఉంటుంది. బ్యాంకులో ఉన్న ఫోను నంబరు, చేతిలో ఉన్న నంబరు ఒకటేనా అన్నది చూసుకోవడం అన్నిటికంటే ముందు పని.

ఈ చర్చంతా బజారు కార్డుల గురించే. 1998లో మొదలైన కిసాన్ క్రెడిట్ కార్డు పేరులో కార్డు ఉన్నా, అది పంట అప్పు. మూడు లక్షల వరకు 7 శాతం వడ్డీ, గడువులో కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతమే. పావలా కంటే కాస్త ఎక్కువ వడ్డీకి దొరికే డబ్బు మరొకటి ఊళ్లో లేదు. కార్డులు ప్రమాదమని విని దీన్ని మూయించుకుంటే, చెట్టు చేదని పండ్లచెట్టు నరుక్కున్నట్లే. ఏటా గడువులోపు కట్టి తిరగరాయించుకోవడమే దీనికి పద్ధతి.

ఇక బాకీ కట్టలేక చిక్కుకున్నవారి దగ్గరకు వసూలు వారు తెచ్చే బేరం ఒకటుంది. నలభై వేల బాకీకి పదిహేను వేలు కట్టు, ఖాతా మూసేస్తాం అంటారు. వినడానికి పంచాయతీలో పెద్దమనుషులు చేసిన రాజీలా ఉంటుంది. కానీ నివేదికలో 'క్లోజ్డ్' అని గాక 'సెటిల్డ్' అని పడుతుంది. పూర్తిగా కట్టలేదు, సగంలో తేల్చుకున్నాడు అని దాని అర్థం. తరువాత అప్పిచ్చేవాడు దాన్ని చూసి వెనుకడుగు వేస్తాడు. నిజంగా గత్యంతరం లేనివారు ఒప్పుకోవచ్చు, అందులో సిగ్గుపడవలసింది లేదు. కానీ ఏ మాట రాస్తారో ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి. చేతికి డబ్బు వచ్చినప్పుడు మిగిలింది కూడా కట్టి ఆ మాట మార్పించుకోవాలి.

రైతుకు ఇన్ని జాగ్రత్తలు చెప్పే బదులు బ్యాంకులే రెండు పనులు చేయవచ్చు. కార్డు అమ్మిన శాఖలోనే మూసివేత దరఖాస్తు తీసుకుని రసీదు ఇవ్వాలి. బాకీ లేదన్న ఉత్తరం, ఫీజు పడిందన్న సందేశం తెలుగులో పంపాలి. అప్పు పత్రం మీద సంతకం పెట్టించుకునేటప్పుడు తెలుగు వచ్చిన బ్యాంకుకు, చెల్లు రాసేటప్పుడు తెలుగు రాకపోవడం ఏమిటి? జిల్లాలోని లీడ్ బ్యాంకు అధికారులు ఆర్థిక అక్షరాస్యత సభలు పెట్టినప్పుడు డిపాజిట్ల గురించి, బీమా గురించి చెబుతున్నారు. కార్డు మూయడం గురించి కూడా పావుగంట చెబితే, బ్యాంకు మిత్రలకు ఆ దరఖాస్తు నింపడం నేర్పితే ఖర్చయ్యేది ఏమీ లేదు.

అప్పటివరకు, ఫిర్యాదు చేసి 30 రోజులైనా బ్యాంకు పలకకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు. సిబిల్ వంటి సంస్థల మీద కూడా 2022 సెప్టెంబరు నుంచి అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. 14448 నంబరుకు ఫోను చేస్తే ఎలా చేయాలో తెలుగులోనే చెబుతారు. బ్యాంకుకు ఇచ్చిన ఫిర్యాదు కాపీ, దాని తేదీ మాత్రం చేతిలో ఉండాలి.